రూపాయికి అణా: ఆసుపత్రుల పాత పద్దులు

గుడ్లవల్లేరు ప్రాంతపు రైతు కాలువనీటితో పండించిన ధాన్యము నమ్మి సర్కారు కిస్తు చెల్లించునపుడు, శిస్తుతోబాటు సాధారణముగా రూపాయికి అణా చొప్పున కరణము వసూలు చేసెడి భూమి సెస్సే బందరు, గుడివాడ, దివి ప్రాంతముల పల్లె ధర్మాసుపత్రులకు చిరకాలము ముఖ్యాధారమై యుండెను. 1871 నాటి మద్రాసు లోకల్ ఫండు చట్టము ఈ పద్ధతికి పునాది వేయగా, 1884 నాటి స్థానిక బోర్డుల చట్టము జిల్లా, తాలూకా బోర్డుల నేర్పరచి ఆ నిధిని వాని చేతికిచ్చెను.

సెస్సుతోబాటు టోలుగేట్ల గుత్తలు, రేవుల పాటలు, బందెలదొడ్ల రుసుములు కూడ ఆ నిధిలోనే చేరెడివి. దివిసీమకు పడవలో ఏరుదాటు బాటసారి తాను ఆసుపత్రికి కూడ చందా ఇచ్చుచున్నానని ఎరుగడు గదా! అయితే వ్యయమున అగ్రతాంబూలము రోడ్లదే. రాయి పుట్టని నల్లరేగడి డెల్టాలో కంకరను దూరమునుండి కాలువ పడవలపై తేవలసి వచ్చుటచేత, వైద్యపు పద్దు ఎప్పుడును రోడ్ల పద్దు వెనుక నిలుచుచుండెను. 1908లో తెరువబడిన బెజవాడ–బందరు రైలుమార్గమును సైతము వేయించిన జిల్లా బోర్డునకు ధనము బొత్తిగా లేదనుటకు వీలులేదు.

నా దృష్టిలో అసలు చిక్కు కాలగణనమున నుండెను. బడ్జెట్టు సంవత్సరము ఏప్రిలుతో మొదలై మార్చితో ముగియును. సార్వా పంట ఇల్లు చేరి కిస్తులు వసూలగుట సంక్రాంతి తరువాతి మాట. చలిజ్వరములు మాత్రము వానలతో వచ్చి వడ్లకన్న ముందే ఇల్లిల్లును పట్టును. మందులకు మద్రాసు ప్రభుత్వ వైద్య గిడ్డంగికి ఏడాదికి సరిపడ ముందుగానే ఇండెంటు పంపవలెను. కునైను నిండుకొన్నచో వేరొక పద్దున సొమ్ము మిగిలియున్నను పైవారి మంజూరు లేక దానిని మార్చుటకు వీలుండెడిది కాదు. కాంపౌండరు రోగి తెచ్చుకొన్న సీసాలోనే మిక్శ్చరు పోసి, మోతాదు గుర్తుగా అంచు కత్తిరించిన కాగితపు పేలికను దానికి అంటించి పంపెడివాడు. సీసా ఖర్చు బోర్డుకు అంటెడిది కాదు.

జీతపు డాక్టరును, కట్టడమును ప్రతి ఫిర్కాలోను భరింపజాలని బోర్డుల స్థితి నెరిగియే 1924లో పానగల్లు రాజావారి ప్రభుత్వము, పల్లెలో కాపురముండి పేదలకు ఉచితముగా వైద్యము చేయు డాక్టరునకు వార్షిక భృతి నిచ్చు పథకమును ప్రవేశపెట్టెను. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఊళ్లకు వైద్యుని చేర్చిన యోచన యది. ఆ ఏలుబడి చేసిన పనులలో దీనికి దక్కవలసినంత కీర్తి దక్కలేదు.

1959లో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చెను. 1986 నాటి చట్టముతో వైద్య విధాన పరిషత్తు ఏర్పడి, జిల్లా, ఏరియా ఆసుపత్రుల పాలన దానికి సంక్రమించెను. నిధుల మూలము రాజధానికి తరలిన పిమ్మట, ఆసుపత్రి అభివృద్ధి సంఘములకు తమవద్ద చేరిన సొమ్ములో కొంత అత్యవసరపు కొనుగోళ్లకు అక్కడికక్కడే వెచ్చించు అధికారము లభించినది. వానకాలపు జ్వరములకు కునైను కొనలేని నాటి తాలూకా బోర్డునకు కావలసినది ఆ మాత్రపు స్వేచ్ఛయే.