ఘర్షణ గుణకం నుండి కోత బలం వరకు: ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ నమూనాలలో ఉష్ణోగ్రత

1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సమీపాన గల వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేన్ థామస్, ఆయన సహచరులు ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌ను రూపొందించారు. గిరగిర తిరిగే ఉక్కు పరికరం రెండు అల్యూమినియం పలకల అంచుల మధ్యకు చొచ్చుకొని ముందుకు సాగుతుంది. దాని పిన్ లోహాన్ని కలియబెడుతుంది. పైనున్న వెడల్పాటి షోల్డర్ పలకలను అదిమిపెట్టి అత్యధిక భాగం వేడిని పుట్టిస్తుంది. లోహం కరగదు, మెత్తబడి అతుక్కొంటుంది. ప్రక్రియ పేరులోనే ఘర్షణ ఉన్నా, దానిని గణితంలోకి తెచ్చే ప్రయత్నం మాత్రం సాఫీగా సాగలేదు. ఘర్షణ గుణకం తొలుత పదార్థ ధర్మంగా ప్రవేశించి, సవరణ సాధనంగా మారి, కొన్ని నమూనాల నుండి పూర్తిగా నిష్క్రమించిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పరిశోధకులకు వారసత్వంగా లభించినది 1699లో అమాంటన్స్ ప్రతిపాదించిన, 1785 నాటికి కూలుంబ్ స్థిరపరచిన సూత్రం. ఘర్షణ బలం నొక్కుడు బలానికి అనులోమానుపాతంలో ఉంటుందనేది దాని సారం. అందులో ఉష్ణోగ్రతకు తావు లేదు. గది ఉష్ణోగ్రత నుండి ద్రవీభవన స్థానం సమీపం వరకు వేడెక్కే లోహానికి ఆ సూత్రాన్ని యథాతథంగా వర్తింపజేస్తే, లెక్కలో లోహం కరిగిపోవాలి. ప్రయోగంలో కరగడం లేదు.

ఈ వైరుధ్యాన్ని తొలి నమూనాలు తెలివిగా దాటవేశాయి. 1998లో చావో, చీ షోల్డర్ నుండి వెలువడే ఉష్ణాన్ని స్థిరమని భావించి, లెక్కించిన ఉష్ణోగ్రతలు కొలిచిన వాటితో సరిపోలే వరకు దాని విలువను మార్చి చూశారు. 2001లో ఫ్రిగార్డ్, గ్రాంగ్, మిడ్లింగ్ ఘర్షణ గుణకాన్నే సవరించారు. ఉష్ణోగ్రత ద్రవీభవన స్థానాన్ని దాటకుండా దానిని తగ్గించారు. వేడెక్కిన ఉపరితలం పట్టు కోల్పోతుందన్న భావన భౌతికంగా సమంజసమే. కాని గుణకం ఎంత తగ్గాలో నిర్ణయించినది కొలత కాదు, రావలసిన ఫలితం. జవాబును చూసి లెక్కను దిద్దిన నమూనా ఆ జవాబుతో ఏకీభవించడాన్ని ధ్రువీకరణగా పరిగణించవచ్చునా? ఈ ప్రశ్నను ఆనాటి వాఙ్మయం తగినంత గట్టిగా వేసుకోలేదని నా అభిప్రాయం.

2004లో డెన్మార్క్‌కు చెందిన ష్మిట్, హాటెల్, వెర్ట్ చర్చను మరో దారి పట్టించారు. పరికరం లోహంపై జారుతున్నదా, లేక దానికి అంటుకొని ఉపరితలపు పొరను తనతోపాటు లాక్కుపోతున్నదా అని వారు విచారించారు. జారుతూ ఉంటే, కూలుంబ్ సూత్రం ప్రకారం నొక్కుడు బలంతో పాటు ఉష్ణం కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. 2024-టి3 మిశ్రమలోహంపై చేసిన ప్రయోగంలో అలా పెరగలేదు. కనుక అంటుకొనే స్థితి ఉండి తీరాలని వారు సూచించారు. ఆ స్థితిలో వేడిని నిర్ణయించేది ఘర్షణ గుణకం కాదు. లోహపు కోత బలం, అంటే ఒక పొర మరొక పొరపై జారకుండా నిలువరించే బలం.

కోత బలం ఉష్ణోగ్రతతో తగ్గుతుంది. 2008లో ష్మిట్, హాటెల్ ఈ సంబంధాన్నే ఉష్ణజనక పదంగా స్వీకరించారు. లోహం వేడెక్కినకొద్దీ మెత్తబడుతుంది. మెత్తబడినకొద్దీ పుట్టే వేడి తగ్గుతుంది. కరగడం మొదలయ్యే ఉష్ణోగ్రత వద్ద బలం శూన్యమవుతుంది గనుక, బయటి నుండి ఏ కళ్లెమూ వేయనక్కరలేదు.

అనిశ్చితి తొలగలేదు, చోటు మారింది. కరిగే దశకు చేరువలో, అంత వేగంగా వికృతి చెందే లోహపు బలాన్ని కొలవడం దుష్కరం. గుణకాన్ని ఒకే స్థిర విలువగా తీసుకొనే పద్ధతి నేటికీ కనిపిస్తూనే ఉంది. ఆ విలువ ఏ ఉష్ణోగ్రత వద్దిదో పట్టికలో చెప్పని వ్యాసాలూ ఉన్నాయి.