పెట్టెలో ఏముండాలి, ఎవరు ముట్టాలి

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఊహించుకోండి. లినక్స్ నడిచే మెషీన్లో మాస్టారు రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న వాడుకరిగా లాగినై ఒక తెలుగు ఫాంటు పెట్టారు. తెర మీద అక్షరాలు చక్కగా వచ్చాయి. మర్నాడు పిల్లలు ఎవరి పేరుతో వాళ్లు లాగినయ్యారు. అదే మెషీను, అదే పాఠం, కానీ అక్షరాలుండాల్సిన చోట ఖాళీ గళ్లు. ఫాంటు పోలేదు, పాడవలేదు. దాన్ని చదివే అనుమతి యజమానికి తప్ప ఇంకెవరికీ లేదు, అంతే. యజమానేమో రూట్. ఆ ఫైలు మీద 644 అని ఉండాల్సిన చోట 600 అని ఉంది.

ఇంత చిన్న అంకె దగ్గర ఇంత పెద్ద తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు, యూనిక్స్ పుట్టిన రోజులకు వెళ్లాలి. ఒకే కంప్యూటరు మీద పలువురు పనిచేసే కాలం అది. ఒకరి ఫైలు మరొకరు చెరిపేయకూడదు, అలాగని అన్నీ తాళం వేసి దాచేస్తే కలిసి పనిచేయడం కుదరదు. కెన్ థామ్సన్, డెనిస్ రిచీ ఆలోచించి ప్రతి ఫైలుకూ కొన్ని గుర్తులు తగిలించారు. 1971 నవంబరులో వెలువడిన తొలి యూనిక్స్ మాన్యువల్లో ఆ గుర్తులు కనిపిస్తాయి: యజమాని చదవవచ్చా, రాయవచ్చా, ఇతరులు చదవవచ్చా, రాయవచ్చా. ప్రోగ్రాముగా నడపడానికి మాత్రం అందరికీ కలిపి ఒక్కటే గుర్తు. బృందం అన్న ఊహ ఆ తర్వాత వచ్చింది. అప్పుడు లెక్క యజమాని, బృందం, తక్కినవారు అనే ముగ్గురి చుట్టూ స్థిరపడింది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. యజమాని చదివి రాయవచ్చు, తక్కినవాళ్లంతా చదవవచ్చు అనడానికి 644. అందరూ నడపవచ్చు, మార్చే హక్కు మాత్రం యజమానిదే అనడానికి 755.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. అందరి పాస్‌వర్డులూ ఒకే ఫైల్లో ఉంటాయి. ఆ ఫైల్లో రాసే హక్కు అందరికీ ఇస్తే కొంప మునుగుతుంది. ఇవ్వకపోతే ఎవరి పాస్‌వర్డు వాళ్లు మార్చుకోలేరు. ఇలాంటివాటికి రిచీ కనిపెట్టిన దారి ముచ్చటైనది: హక్కును మనిషికి ఇవ్వకుండా ప్రోగ్రాముకు ఇచ్చారు. ఒక ప్రత్యేకమైన గుర్తున్న ప్రోగ్రామును ఎవరు నడిపినా, ఆ పని జరిగినంతసేపూ దాని యజమాని అధికారంతోనే నడుస్తుంది. దీనికి 1973లో పేటెంటు దరఖాస్తు పెడితే 1979లో మంజూరైంది. ఆ ఒక్క గుర్తు జారిపోతే పాస్‌వర్డు మార్చే ప్రోగ్రాము పనికిరాకుండా పోతుంది. ఉండకూడని ప్రోగ్రాముకు తగులుకుంటే దారినపోయేవాడి చేతికి రూట్ అధికారం దక్కుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు కథలో దీనితో పని ఉంది.

యూనిక్స్ పద్ధతులనే అనుసరించే లినక్స్ 1991లో వచ్చింది. రెండేళ్లకు ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ అనే లినక్స్ పంపిణీనీ, ఇయాన్ మర్డాక్ డెబియన్ అనే మరో పంపిణీనీ మొదలుపెట్టారు. అప్పట్లో చాలా సాఫ్ట్‌వేర్ మూలరూపంలోనే దొరికేది. దాన్ని తెచ్చుకుని, కంపైల్ చేసి, ఇన్‌స్టాల్ అని ఆజ్ఞ ఇస్తే ఫైళ్లు డిస్కంతా చెదిరిపోయేవి. ఒకటి ప్రోగ్రాముల ఫోల్డర్లోకి, ఇంకొకటి మాన్యువళ్లలోకి, మరొకటి సెట్టింగుల్లోకి. ఆర్నెల్ల తర్వాత అది వద్దనుకుంటే ఏ ఫైలు దేనిదో చెప్పేవాళ్లు లేరు.

రెడ్ హ్యాట్ సంస్థ ఈ చిక్కును విప్పడానికి చేసిన ప్రయత్నాలు ఒకటీ రెండూ కాదు. మొదటిది ఆర్‌పీపీ అనే పనిముట్టు. ఒక్క ఆజ్ఞతో ఇన్‌స్టాల్ అయ్యేది, తర్వాత సరిచూసుకునే వీలూ ఉండేది. అయితే రచయిత ఇచ్చిన మూలాన్ని చెక్కుచెదరకుండా ఉంచి, దాన్నుంచే ప్యాకేజీ, అంటే ఫైళ్ల పెట్టె కట్టే పద్ధతి అందులో లేదు. ఆ లోటును రిక్ ఫెయిత్, డగ్ హాఫ్‌మన్ తమ బోగస్ లినక్స్ కోసం రాసుకున్న పీఎంఎస్ తీర్చింది. తర్వాత రెడ్ హ్యాట్ కోసం వాళ్లే పీఎం రాశారు, కానీ అది అమ్మకానికి వెళ్లిన ఏ విడుదలలోనూ చేరలేదు. చివరికి మార్క్ యూయింగ్, ఎరిక్ ట్రోన్ 1995లో పెర్ల్ భాషలో ఆర్‌పీఎం రాశారు. అది మందకొడిగా నడవడంతో సీ భాషలో మళ్లీ రాశారు. మునుపటివి వృథా పోయాయనుకోను. ఒక్కొక్కటీ తర్వాతిదానికి ఒక పాఠం అప్పగించి తప్పుకుంది.

ఇక అసలు ప్రశ్న. ప్యాకేజీలోకి ఏ ఫైళ్లు వెళ్లాలో ఎవరు చెప్పాలి? కంప్యూటరే కనిపెట్టాలని ఎవరికైనా ముందు తోస్తుంది. ఇన్‌స్టాల్ మొదలైన తర్వాత తేదీ మారిన ఫైళ్లన్నీ ఏరుకుంటే సరిపోదా? సరిపోదు. పాత తేదీలను అలాగే ఉంచుతూ నకలు చేసే ఇన్‌స్టాళ్లు ఉన్నాయి. పైగా అదే సమయంలో మెషీనులోని వేరే పనులు కూడా ఫైళ్లు రాస్తూనే ఉంటాయి. పోనీ ముందొక జాబితా, తర్వాతొక జాబితా తీసి పోల్చుకుంటే? అంతకుముందే ఉన్న ఫైలు మీద కొత్తది వచ్చి కూర్చుంటే పేరు మారదు కాబట్టి తేడా కనపడదు. ఎటు తిరిగినా ప్యాకేజీ కట్టే మనిషి కూర్చుని రాయాల్సిందేనని తేలింది. మన వైపు ఆడపిల్లకు సారె పంపేటప్పుడు ఏయే కావిట్లో ఏముందో, ఏది ఎవరి చేతికివ్వాలో ఇంటి పెద్దావిడ ఒక్కొక్కటీ చెప్పి పంపినట్టే ఇదీ. ఆర్‌పీఎంలో ప్యాకేజీ వివరం రాసే పత్రాన్ని స్పెక్ ఫైలు అంటారు. అందులో ఫైల్స్ అనే భాగంలో ఉన్నదే పెట్టెలోకి వెళ్తుంది.

జాబితా రాయడంలోనూ ముళ్లున్నాయి. ఫోల్డరు పేరు రాస్తే దాని కింద ఉన్నదంతా వచ్చేస్తుంది. ప్రోగ్రాములన్నీ ఉండే ఫోల్డరు పేరే పొరపాటున రాస్తే ఊరందరి సొమ్మూ మన పెట్టెలోకి ఎక్కుతుంది. అందుకని ఫోల్డరు ఒక్కటే నాది, లోపలివి కావు అని చెప్పడానికి డిర్ అనే మాటను చేర్చారు. ఇందులో తిరకాసు ఇంకొకటుంది: ఒక ఫైలు రాయడం మరిచిపోతే కట్టినవాడి మెషీనులో ఏ లోపమూ బయటపడదు, ఎందుకంటే ఆ ఫైలు అక్కడ ముందే ఉంది. కొత్త మెషీను మీద పెట్టినప్పుడే గుట్టు తెలుస్తుంది. దీనికి విరుగుడుగా బిల్డ్‌రూట్ వచ్చింది. అసలు డిస్కు మీద కాకుండా ఒక ఉత్త ఫోల్డర్లో, అదే మొత్తం డిస్కు అన్నట్టుగా ఇన్‌స్టాల్ చేసి అక్కడినుంచి ఏరుకోవడం. జాబితాలోకి ఎక్కని ఫైలు అక్కడ ఒక్కటి మిగిలినా ప్యాకేజీ కట్టడం ఆపేసేలా ఆర్‌పీఎంను తర్వాత మార్చారు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా మేలు చేసిన మార్పు అదే.

ఇక అనుమతులు. సిస్టం ఫైళ్లకు యజమాని రూట్ కావాలి. కానీ రూట్‌గా కూర్చుని ప్యాకేజీ కట్టడం ప్రమాదం, ఒక్క తప్పుడు ఆజ్ఞకు మెషీనంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. మామూలు వాడుకరిగా కడితే ఫైళ్లు తన పేరనే పుడతాయి. వాటిని రూట్‌కు రాసిచ్చే హక్కు తనకు లేదు. అలాగే పెట్టెలోకి పంపిస్తే, ఇంకో ఊళ్లో అదే పేరో అదే సంఖ్యో ఉన్న మరొకరి సొత్తు కావచ్చు. ఆర్‌పీఎం దీనికి సూటిగా జవాబిచ్చింది: డిస్కు మీద ఏమున్నా సరే, జాబితాలో ఫైలు పక్కనే అంకె, యజమాని, బృందం రాసెయ్యి, పెట్టె మీద అదే ముద్ర పడుతుంది. రిచీ కనిపెట్టిన ఆ ప్రత్యేక గుర్తు కూడా ఇక్కడ చేతితో రాసేదే, 4755 అని.

డెబియన్ వాళ్లు వేరే తోవ తొక్కారు. 1997లో యూస్ట్ విట్టెవీన్ ఫేక్‌రూట్ రాశారు. దాని నీడలో నడిచే ప్రోగ్రాము ఫైలు యజమానిని మార్చమంటే మార్చానంటుంది, మళ్లీ అడిగితే యజమాని రూట్ అని బదులిస్తుంది. డిస్కు మీద మాత్రం ఏమీ మారదు. ఆ మాట నమ్మి పెట్టె కట్టే ప్రోగ్రాము రూట్ పేరే రాసుకుంటుంది. ప్యాకేజీలు కట్టడానికి సాయంగా అదే ఏడాది జోయీ హెస్ మొదలుపెట్టిన డెబ్‌హెల్పర్‌లో తప్పుడు అనుమతులను సరిచేసే పనిముట్టు కూడా ఉంది. అలాంటిది అవసరమే. ఎవరి మెషీనులోనైనా యూమాస్క్ అనే సెట్టింగు 077 అని ఉంటే కొత్త ఫైళ్లన్నీ 600గా పుడతాయి. మన ల్యాబ్ పిల్లలకు గళ్లు కనపడటానికి ఇదొక దారి. పెన్‌డ్రైవ్ మీదుగా వచ్చిన ఫైళ్లది ఇంకో తంతు. అందులో సాధారణంగా యూనిక్స్ అనుమతుల లెక్కే ఉండదు కాబట్టి చాలాసార్లు అన్నీ 755గా కనిపిస్తాయి, ఫాంటు కూడా నడిపే ప్రోగ్రామన్నట్టు.

ఇన్ని మెట్లు కట్టి ఉన్నందువల్లే తెలుగు ఫాంట్లు ఇంటింటికీ సాఫీగా చేరాయి. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లోకి వచ్చాయి. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ విడుదల చేయగా గుత్తుల పురుషోత్ కుమార్ గీసిన ఫాంట్ల వరసలో మనవాళ్లిద్దరి పేర్లూ ఉన్నాయి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పేర ఒకటి, విజయనగరంలో జీవితం గడిపిన గురజాడ అప్పారావు పేర ఒకటి. రాసింది నలుగురికీ అర్థం కావాలని పోరాడిన మనుషుల పేర్లున్న ఫైళ్లవి. వాటి మీద 644లోని ఆఖరి 4, తక్కినవారంతా చదవవచ్చునన్న ఆ అంకె, తప్పకుండా ఉండి తీరాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఫాంటు ప్యాకేజీల్లో ఏరివేతా ముఖ్యమే. ఫాంటు ఫైళ్లు వెళ్లాలి, వాటితోపాటు లైసెన్సు పాఠమూ వెళ్లాలి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం ప్రతి నకలు వెంటా అది ఉండాల్సిందే. విండోస్ వదిలివెళ్లిన చిత్తు ఫైళ్లు మాత్రం వెళ్లకూడదు.

ఫేక్‌రూట్ ఇరవై ఏళ్లకు పైగా డెబియన్‌ను మోసింది. ఆ తర్వాత డెబియన్ వాళ్లు తమకు తామే ఒక ప్రశ్న వేసుకున్నారు: దాదాపు అన్ని ఫైళ్లకూ యజమాని రూటే అయినప్పుడు, ఆ మాట పెట్టె మీద నేరుగా రాస్తే పోదా? అలా రాసే వీలును డెబియన్‌లో పెట్టె కట్టే పనిముట్టు డీపీకేజీలో చేర్చారు. ఇప్పుడు చాలా ప్యాకేజీలు ఫేక్‌రూట్ లేకుండానే, మామూలు వాడుకరి చేతిలోనే తయారవుతున్నాయి. మొదట్లో ఆర్‌పీఎం నడిచిన తోవలోకే డెబియన్ కూడా వచ్చి చేరింది. రూట్ కాని యజమాని అవసరమైన కొద్ది ప్యాకేజీలకు మాత్రం ఫేక్‌రూట్ ఇంకా పనిచేస్తూనే ఉంది.