‘క్షిజాత్సి’ పుట్టిన నేల

పోలండ్‌లో 1960లో వచ్చిన ‘క్షిజాత్సి’ సినిమా కథ గ్రున్వాల్డ్ యుద్ధానిది. 1410 జూలై 15న పోలండ్ రాజు యగియేవో, లిథువేనియాను ఏలుతున్న ఆయన పినతండ్రి కొడుకు వీటోల్డ్ కలిసి, ట్యూటానిక్ నైట్లనే జర్మన్ మతయోధుల్ని చిత్తుగా ఓడించారు. అయితే సినిమా వేళ్లు అంత లోతున లేవు, 19వ శతాబ్దంలో ఉన్నాయి. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకోవడంతో పోలండ్ అనే దేశమే మ్యాపులో లేని కాలమది. ఆస్ట్రియా ఏలుబడిలోని క్రాకొవ్‌లో యాన్ మతేయ్కో 1878 నాటికి ఈ యుద్ధాన్ని దాదాపు పది మీటర్ల వెడల్పు బొమ్మగా గీశాడు. నడిమధ్య ఎర్రటి దుస్తుల్లో, తలకు రక్షణేమీ లేకుండా, కత్తి పైకెత్తి వీటోల్డ్ కనిపిస్తాడు. తెల్లని అంగీ తొడిగిన శత్రునాయకుడు యూంగింగెన్‌ను పొడవబోతున్నది మాత్రం రాజు కాదు, మామూలు కాలిబంట్లు. ఓడిన జాతికి ఆ వివరం ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. ఆ తర్వాత హెన్రిక్ షెన్కేవిచ్ 1897 నుంచి 1900 దాకా ఇదే పోరు మీద ధారావాహిక నవల రాశాడు. దర్శకుడు అలెక్సాండర్ ఫోర్డ్ తెరకెక్కించింది ఆ నవలనే.

ఈ సినిమా అప్పటి పోలండ్ కమ్యూనిస్టు నేత గొముల్కా ప్రభుత్వం చేయించిన ప్రచారం కదా అని అడిగేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. యుద్ధానికి 550 ఏళ్లు నిండిన రోజునే సినిమాను తొలిసారి చూపించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడిన పోలండ్ కొత్త పశ్చిమ సరిహద్దును పశ్చిమ జర్మనీ అప్పటికి ఒప్పుకోలేదు. పైగా దాని చాన్సలర్ అడెనావర్ 1958లో అదే ట్యూటానిక్ మతసంఘం గౌరవ సభ్యత్వం తీసుకుని, నల్ల శిలువ ఉన్న తెల్లని అంగీ వేసుకున్నాడు. పోలిష్ పత్రికలకు అంతకన్నా ఏం కావాలి? కానీ ఆనాటి నైట్లకూ ఆధునిక జర్మనీకీ మధ్య ఈ పోలికను వార్సా పాలకులు కల్పించలేదు. 1914లో రష్యన్లను గెలిచిన జర్మన్ సేనానులే, 1410 నాటి ఓటమికి బదులు తీరిందని ఆ గెలుపుకి టానెన్‌బర్గ్ అని పేరు పెట్టుకున్నారు. గ్రున్వాల్డ్ యుద్ధాన్ని జర్మన్లు పిలిచేది ఆ పేరుతోనే. పోలండ్‌ను ఆక్రమించిన నాజీలు క్రాకొవ్‌లోని గ్రున్వాల్డ్ స్మారకాన్ని కూలగొట్టారు, మతేయ్కో బొమ్మ కోసం వెతికారు. లూబ్లిన్ దగ్గర మట్టిలో దాచబట్టి అది దక్కింది. సినిమా వచ్చేసరికి ఆ ఆక్రమణ ముగిసి 15 ఏళ్లే అయింది. దాదాపు మూడు కోట్ల జనాభా ఉన్న దేశంలో, సినిమా ఏళ్ల తరబడి ఆడి, మూడు కోట్లకు పైగా టికెట్లు తెగాయంటే సర్కారు ఒత్తిడి ఒక్కటే కారణం కాదు.

ఇదంతా జర్మన్ల మీద ద్వేషమేనన్న మాట ఇంకొకటి. దీనికి మూలకథే అడ్డం వస్తుంది. నవలలో యురాండ్ అనే పోలిష్ యోధుడి కళ్లు పోగొట్టి, నాలుక, చేయి కోయించిన ట్యూటానిక్ నైట్ సీగ్‌ఫ్రీడ్‌ను చివరికి కట్టేసి తెచ్చి అతని ముందే నిలబెడతారు, చేతికి కత్తీ ఇస్తారు. యురాండ్ తడుముకుంటూ ఆ కత్తితో శత్రువు కట్లు కోస్తాడు.