మిసిసిపీ జాన్ హర్ట్

మిసిసిపీ జాన్ హర్ట్ (మరణం: 1966 నవంబరు 2) అమెరికాకు చెందిన బ్లూస్ గాయకుడు, గిటారు వాద్యకారుడు. అసలు పేరు జాన్ స్మిత్ హర్ట్. జనన సంవత్సరం విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1892 అనీ, 1893 అనీ రెండూ వాడుకలో ఉన్నాయి. 1928లో కొన్ని పాటలు రికార్డు చేసిన తరువాత సంగీతలోకానికి కనుమరుగైన ఈయన, 35 సంవత్సరాల అనంతరం, తన పాటలోని ఒక ఊరి పేరు ఆధారంగా తిరిగి వెలుగులోకి వచ్చాడు.

తొలి జీవితం

మిసిసిపీ రాష్ట్రంలోని కారల్ కౌంటీలో టియోక్ అనే చోట జన్మించి, దగ్గరలోని అవలాన్ గ్రామంలో పెరిగాడు. తొమ్మిదవ ఏట గిటారు చేతికి రాగా, గురువు లేకుండా తనంతట తానే నేర్చుకున్నాడు. పాలుకు సేద్యం చేస్తూ, ఊరిలో జరిగే విందులలో, నృత్యాలలో వాయించేవాడు. నల్లవారిని, తెల్లవారిని వేరుచేసే చట్టాలు అమలులో ఉన్న ఆ కాలంలోనే విల్లీ నార్మర్ అనే శ్వేతజాతి ఫిడేలు వాద్యకారునికి అప్పుడప్పుడు తోడుగా వాయించేవాడు. హర్ట్ పేరును ఓకే రికార్డుల సంస్థకు చెప్పినది నార్మరే.

1928 రికార్డులు

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో మెంఫిస్ నగరంలోను, డిసెంబరులో న్యూయార్క్‌లోను హర్ట్ పాటలు రికార్డు చేశారు. అమ్మకాల కోసం పేరుకు ముందు "మిసిసిపీ" చేర్చినది సంస్థవారే. న్యూయార్క్‌లో ఉండగా సొంత ఊరిపై బెంగతో కట్టిన పాట "అవలాన్ బ్లూస్". రికార్డులు అంతగా అమ్ముడుపోలేదు. ఆపై ఆర్థిక మాంద్యం వచ్చింది. హర్ట్ పొలం పనులకు మరలిపోయాడు.

వాదన శైలి

బొటనవేలు కింది స్థాయి తీగలను ఒకదాని తరువాత ఒకటిగా, లయ తప్పకుండా మీటుతుండగా, మిగిలిన వేళ్ళు పై స్థాయి తీగలపై పాట వరుసను పలికిస్తాయి. చూడకుండా వింటే ఇద్దరు వాయిస్తున్నారనిపిస్తుంది. నృత్యానికి ఒంటరిగా వాయించే వానికి మృదంగం లేని లోటును ఆ బొటనవేలే తీర్చాలి కదా! గొంతు మెత్తనిది, పక్కన కూర్చున్న వానితో మాట్లాడినట్లుండేది. చార్లీ పాటన్, సన్ హౌస్ వంటి డెల్టా గాయకుల గరుకు గొంతుకు, ఉద్వేగానికి ఇది బహుదూరం. బ్లూస్ అంటే విషాదగీతమని తెలుగులో చెప్పుకోవటం పరిపాటి కాని, హర్ట్ విషయంలో ఆ మాట సరిగా అతకదు. కథాగేయాలు, భక్తిగీతాలు, నృత్యగీతాలు అన్నీ ఈయన పాడాడు. "స్పైక్ డ్రైవర్ బ్లూస్" అనే పాట, సుత్తితో యంత్రంతో పోటీపడి ప్రాణాలు విడిచిన రైలుమార్గపు కూలీ జాన్ హెన్రీ గాథకు సంబంధించినది. అయితే ఇందులో వీరత్వపు పొగడ్త లేదు. ఆ చావు తనకు వద్దని సుత్తి వదిలి వెళ్ళిపోయే మరొక కూలీ పలుకులివి.

పునరాగమనం

1952లో హ్యారీ స్మిత్ కూర్చిన అమెరికా జానపద సంగీత సంకలనంలో హర్ట్ పాటలు రెండు చేరటంతో కొత్త తరం ఆయనను విన్నది. అయితే మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. "అవలాన్ బ్లూస్" విన్న టామ్ హాస్కిన్స్ అనే సంగీతాభిమాని పాత అట్లాసులో ఆ ఊరి జాడ పట్టుకుని 1963లో అక్కడకు వెళ్ళాడు. హర్ట్ అక్కడే ఉన్నాడు, కాని సొంత గిటారు లేదు. వేళ్ళకు మాత్రం పాటలు గుర్తున్నాయి.

అదే సంవత్సరం న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో పాడాడు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కొరకు అనేక పాటలు రికార్డు చేశాడు. కొంతకాలం వాషింగ్టన్ నగరంలో నివసించాడు. 1966లో వాన్‌గార్డ్ సంస్థ "టుడే!" అనే ఆల్బమును విడుదల చేసింది. అదే సంవత్సరం మిసిసిపీలోని గ్రెనడాలో మరణించాడు. కీర్తి అనుభవించినది మూడు సంవత్సరాలు మాత్రమే.

లవిన్ స్పూన్‌ఫుల్ అనే రాక్ బృందం పేరు హర్ట్ పాట "కాఫీ బ్లూస్" నుండి వచ్చినదే. ఆయన ఇంటిని తరువాత మ్యూజియంగా మార్చారు. అది 2024 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.