విడాకులు

‘విడు’కు ‘ఆకు’ చేరితే విడాకు. తాటాకు మీద రాసుకున్న కాలంలో ఆకంటే కాగితమే. కాబట్టి ఇది బంధం విడిచినట్టు రాసిచ్చే పత్రం. అందుకే మన నోట ‘విడాకులిచ్చాడు’, ‘విడాకులు తీసుకుంది’ అనే మాటలు నిలిచిపోయాయి. ఒకరు ఇచ్చేవారు, ఒకరు పుచ్చుకునేవారు. ఆ ఇచ్చేది దాదాపు ఎప్పుడూ మగవాడే కావడం నన్ను బాధపెడుతుంది.

1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా మొదట తప్పు ఎవరిదని అడిగింది. అవతలివారు వ్యభిచారంలో ఉన్నారనో, మతం మారారనో కోర్టులో రుజువు కావాలి. 1976లో 13-బి సెక్షన్ వచ్చాక, హిందూ దంపతులు ఎవరి మీదా నింద మోపకుండా ఇద్దరూ కలిసి పిటిషన్ వేసుకోవచ్చు. కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే ఇల్లే అక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే చాలు. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల్లోపు ఇద్దరూ మళ్లీ కోర్టును అడగాలి. తగిన కారణముంటే ఆ ఆరు నెలల గడువును కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు.

ఒక్కరే వెళ్లి, ఏ కారణమూ చూపకుండా అడిగే దారి మాత్రం ఈ చట్టంలో లేదు. 13-బి కింద ఒకరు ఇచ్చేదీ లేదు, ఒకరు తీసుకునేదీ లేదు; అడిగేది ఇద్దరూ, ఇచ్చేది కోర్టు. ‘విడాకులు పొందారు’ అని రాసే విలేకరి సరిగ్గానే రాస్తున్నాడు.