ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి జీవనం - సహాయ సేవలు

ప్రవేశ పరీక్షలో ర్యాంకు సాధించి, సీటు కేటాయింపు పత్రం అందుకున్న విద్యార్థికి సగం పని మాత్రమే పూర్తయినట్లు. ఆ సీటులో రెండేళ్లో, మూడేళ్లో నిలబడి పట్టాతో బయటకు రావడం మిగిలిన సగం. గ్రామీణ ప్రాంతాల నుంచి వచ్చి, కుటుంబంలో తొలిసారిగా విశ్వవిద్యాలయ గడప తొక్కిన వారికి ఈ రెండవ సగమే కష్టతరమైనది. వారిని ఆదుకొనేందుకు చట్టాలు, నిబంధనలు, పథకాలు, కార్యాలయాలు అనేకం ఉన్నవి. అయితే ఏ అవసరానికి ఏ తలుపు తట్టాలో మొదటి నెలలోనే తెలియకపోవడం వలన చాలామంది ఇబ్బంది పడుతున్నారు. రాష్ట్రంలోని పెద్ద విశ్వవిద్యాలయమైన ఉస్మానియాను ఉదాహరణగా తీసుకొని, ఆ వివరాలను విద్యార్థినీ విద్యార్థులు, తల్లిదండ్రుల సౌకర్యార్థం ఇక్కడ అందజేస్తున్నాము.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917 ఏప్రిల్ 26న జారీ చేసిన ఫర్మానాతో ఈ విశ్వవిద్యాలయానికి పునాది పడినది. తొలుత నగరంలోని భవనాలలో తరగతులు మొదలైనవి. ఉర్దూ బోధనా భాషగా ఉన్నత విద్యనందించిన సంస్థగా అది దేశంలో ప్రత్యేక స్థానం పొందినది. అడిక్‌మెట్ ప్రాంతంలోని విశాల ప్రాంగణంలో ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. ఈనాటికీ కొత్త విద్యార్థి ఆర్ట్స్ కాలేజి రైల్వే స్టేషనులోనో, తార్నాకలోనో దిగి, ట్రంకుపెట్టెకు బదులు వీపుసంచితో ఆ గులాబిరంగు రాతి కట్టడం ఎదుట నిలబడి ఫొటో తీయించుకోవడం ఆనవాయితీ.

వసతి గృహం

ఉస్మానియా చరిత్రలో వసతి గృహాలకు తరగతి గదులతో సమానమైన స్థానం ఉన్నది. 1938లో ఇక్కడి వసతి గృహాల విద్యార్థులు వందేమాతరం గేయాన్ని ఆలపించినందుకు బహిష్కరణకు గురయ్యారు. ఉద్యమం సంస్థానంలోని ఇతర కళాశాలలకు పాకినది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆ విద్యార్థులలో పలువురిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకున్నది. హనుమకొండ కళాశాల నుంచి ఆ విధంగా నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించిన వారిలో తరువాతి కాలంలో భారత ప్రధానమంత్రి అయిన శ్రీ పి.వి. నరసింహారావు ఒకరు. గది పోయిన విద్యార్థికి చదువే పోతుందన్న సంగతి, మరొకచోట తలుపు తెరిచినవారుంటే ఆ చదువు ఎక్కడికి చేరగలదన్న సంగతి ఈ ఒక్క ఉదంతంతో బోధపడుతుంది.

వసతి గృహ ప్రవేశం కోర్సు ప్రవేశంతో దానంతటదే రాదు. కళాశాలలో చేరిన తరువాత ప్రిన్సిపాల్ కార్యాలయం ద్వారా విడిగా దరఖాస్తు చేసుకోవాలి. సీటు కేటాయింపు పత్రం, కులం, ఆదాయం ధ్రువపత్రాలు, ఫొటోలు, ఆధార్ నకలు ముందుగా సిద్ధం చేసుకొన్నవారికి పని తేలికవుతుంది. గదుల కంటే కోరుకొనేవారి సంఖ్య ఎక్కువ. కోర్సు ముగిసిన తరువాత కూడా ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ గదులలోనే ఉండిపోయేవారిని ప్రాంగణంలో నాన్‌బోర్డర్లని పిలుస్తారు. ఇద్దరికి ఉద్దేశించిన గదిలో నలుగురు సర్దుకోవలసి రావడానికి ఇది ప్రధాన కారణం. వీరిపట్ల అధికారులు తరచు కఠినంగా వ్యవహరించవలసి వస్తున్నది. అయితే ఇంటికి వెళ్తే చదువుకొనే వాతావరణం లేని, నగరంలో అద్దెకు ఉండే స్తోమతు లేని ఆ యువకుని పరిస్థితి కూడా విస్మరించదగినది కాదు.

భోజనశాల లెక్కను ప్రతి విద్యార్థి తెలుసుకొని ఉండాలి. విశ్వవిద్యాలయ వసతి గృహాలలో చిరకాలంగా వాడుకలో ఉన్నది డివైడింగ్ పద్ధతి. ఒక నెలలో బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు, గ్యాస్ మొదలైన వాటికైన మొత్తం ఖర్చును ఆ నెలలో భోజనం చేసినవారికి పంచుతారు. అందువలన బిల్లు నెలనెలా మారుతుంది. సెలవులలో ఇంటికి వెళ్లేవారు నిబంధన ప్రకారం ముందుగా తెలియజేస్తే తప్ప ఆ రోజుల మినహాయింపు పొందలేరు. సరుకుల కొనుగోలు, వంట నాణ్యత గమనించేందుకు విద్యార్థి ప్రతినిధులకు అవకాశం ఇవ్వడం మంచి సంప్రదాయం. పప్పు పలుచనైనదన్న ఫిర్యాదు అందరూ చేస్తారు. సరుకుల రిజిస్టరు తెరిచి చూసేవారు తక్కువ.

ఉపకార వేతనం

ఉపకార వేతనం, బోధన రుసుము తిరిగి చెల్లింపు అన్నవి రెండు వేర్వేరు అంశాలు. మొదటిది విద్యార్థి నిర్వహణ ఖర్చుకు, రెండవది కళాశాల రుసుముకు సంబంధించినది. మెట్రిక్ అనంతర ఉపకార వేతనాలు షెడ్యూల్డు కులాల విద్యార్థుల కోసం 1944లో దేశంలో ఆరంభమైనవి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యునిగా ఉన్న రోజులవి. ఆ మహనీయునికి 1953లో గౌరవ డాక్టరేటు ప్రదానం చేసిన గౌరవం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దక్కినది. అనంతరం ఇతర వర్గాలకు కూడా ఉపకార వేతనాలు విస్తరించినవి. బోధన రుసుము తిరిగి చెల్లింపు పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతమై, 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా కొనసాగుతున్నది.

తెలంగాణలో ఈ రెండింటికీ ఈ-పాస్ వెబ్‌సైటులో ఒకే దరఖాస్తు చేసుకోవాలి. కుటుంబ వార్షికాదాయ పరిమితి షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 2 లక్షల రూపాయలు. వెనుకబడిన తరగతులు తదితర వర్గాల వారికి గ్రామీణ ప్రాంతాలలో 1 లక్ష 50 వేలు, పట్టణాలలో 2 లక్షలు. హాజరు 75 శాతానికి తగ్గరాదు. స్పాట్ అడ్మిషన్‌లో, యాజమాన్య కోటాలో చేరినవారికి రుసుము తిరిగి రాదు. ఒక పి.జి. పూర్తిచేసి మరొక పి.జి.లో చేరినవారికి అదే స్థాయి చదువుకు రెండవసారి వర్తించదు. హాస్టలు వసతి కోసం రెండవ పి.జి.లో చేరే ఆలోచన ఉన్నవారు ఈ నిబంధనను ముందుగా గమనించాలి.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపగానే పని అయిపోయినట్లు భావించి విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోతుంటారు. నిజానికి కళాశాలలో ధ్రువపత్రాల పరిశీలన, వేలిముద్ర నమోదు, అక్కడి నుంచి సంబంధిత సంక్షేమ అధికారి మంజూరు, చివరకు ఖజానా ద్వారా చెల్లింపు అనే దశలున్నవి. పదవ తరగతి మెమోలో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఇంటిపేరు ఉన్నప్పుడు, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం లేనప్పుడు దరఖాస్తు ఎక్కడో ఒకచోట నిలిచిపోతుంది. ఆదాయ ధ్రువపత్రం మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం నుంచి పొందాలి. దరఖాస్తు సంఖ్యతో తన స్థితిని పదిహేను రోజులకొకసారి చూసుకొనే విద్యార్థి, లోపం ఉంటే ఆ విద్యాసంవత్సరంలోనే సరిచేసుకోగలుగుతాడు.

నిధుల విడుదల గురించి మా వంటి శాఖలు వెలువరించే ప్రకటనలో మొత్తం ముఖ్యం. విద్యార్థికి తేదీ ముఖ్యం. ఉపకార వేతనం వస్తుందన్న భరోసాతో భోజనశాల బిల్లు బాకీ పెట్టుకొన్న విద్యార్థికి, ఆ సొమ్ము ఆలస్యమైతే పరీక్ష రుసుము సమయంలో ఒత్తిడి మొదలవుతుంది. తండ్రి అప్పు తేవలసి వస్తుంది, లేదా విద్యార్థి రాత్రివేళ పనికి కుదురుకొంటాడు. అక్కడ హాజరు తగ్గుతుంది. హాజరు 75 శాతానికి తగ్గితే వచ్చే ఏడాది ఉపకార వేతనమే ఆగిపోతుంది. చదువు మానివేసిన వారిలో ఎందరో ఈ చక్రంలో చిక్కుకొన్నవారే. ఇటువంటి స్థితిలో ఉన్నవారు మౌనంగా ఉండిపోకుండా మంజూరు ఉత్తర్వు నకలు జతపరిచి వార్డెన్‌కు, ప్రిన్సిపాల్‌కు గడువు కోరుతూ లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వడం మంచిది. నోటిమాటగా అడిగిన గడువుకు ఆధారం ఉండదు.

సంక్షేమ వసతి గృహాలలో ఇంటర్మీడియట్ నుంచి పి.జి. వరకు చదివే వారి డైట్ చార్జీలను రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెలకు 1,500 రూపాయల నుంచి 2,100 రూపాయలకు పెంచినది. కాగా, రుసుము బాకీ కారణంగా విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యు.జి.సి.) 2018లో స్పష్టం చేసినది. ఈ విషయం తెలియక సర్టిఫికెట్లు వదులుకొన్న విద్యార్థులు ఇప్పటికీ కనిపిస్తారు.

రక్షణ, ఫిర్యాదులు

ర్యాగింగ్ నిషేధ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే వచ్చినది. ఎగతాళి చేయడం, అవమానించడం వంటి చర్యలకు కూడా 6 నెలల వరకు జైలుశిక్ష విధించే వీలున్నది. నేర తీవ్రతను బట్టి శిక్ష పెరుగుతుంది. యు.జి.సి. 2009 నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థి, తల్లి లేదా తండ్రి ఏటా హామీపత్రం సమర్పించాలి. జాతీయ సహాయ కేంద్రం 1800-180-5522 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది.

మహిళా విద్యార్థులపై లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించేందుకు యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన విషయమైతే ఆ కమిటీలో విద్యార్థి ప్రతినిధులకు కూడా స్థానం ఉంటుంది. ప్రాంగణం వెలుపల, బస్సులలో, రహదారులపై వేధింపులకు గురైనవారు 2014లో నగరంలో ఏర్పడిన షీ టీమ్స్‌ను ఆశ్రయించవచ్చు.

ప్రవేశం, రుసుము, పరీక్షలు, ఉపకార వేతనాలు, వివక్ష తదితర అంశాలపై 2023 నాటి యు.జి.సి. నిబంధనలు విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీని తప్పనిసరి చేసినవి. ఫిర్యాదు అందిన 15 పనిదినాలలో కమిటీ నివేదిక ఇవ్వాలి. సంతృప్తి చెందని విద్యార్థి ఆ తరువాత 15 రోజులలో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ 30 రోజులలో పరిష్కారం లభించాలి. వినతిపత్రం ఇచ్చినప్పుడు కార్యాలయ ముద్ర, తేదీతో రసీదు తీసుకోవడం మరువరాదు. కమిటీ నివేదికకు గడువు ఆ తేదీ నుంచే లెక్కకు వస్తుంది.

వికలాంగులకు 2016 చట్టం ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించినది. అర్హులైనవారికి పరీక్షలో లేఖకుని సహాయం, గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు సమయం ఉంటుంది. పరీక్ష ఉదయం హాలులో కోరితే ఏర్పాటు సాధ్యం కాదు. ముందుగానే పరీక్షల విభాగానికి తెలియజేయాలి.

ఆరోగ్యం, మనోధైర్యం

ప్రాంగణంలోని ఆరోగ్య కేంద్రం సాధారణ జబ్బులకు ఉపయోగపడుతున్నది. కనిపించని బాధల విషయంలో మాత్రం విద్యార్థులు ఎవరికీ చెప్పుకోరు. పరీక్ష తప్పినందుకు, నోటిఫికేషన్ రానందుకు, ఇంటి అప్పులకు, అవమానానికి లోలోపల కుంగిపోయేవారు ఉంటారు. విశాఖపట్నంలో శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశవ్యాప్త మార్గదర్శకాలు జారీ చేసినది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హతగల కౌన్సిలర్‌ను నియమించాలని, సహాయ కేంద్రాల నంబర్లను వసతి గృహాలలో స్పష్టంగా ప్రదర్శించాలని అందులో పేర్కొన్నది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా ఉచితంగా లభిస్తున్నది. గదిలోని మిత్రుడు భోజనానికి రావడం మానివేసినా, వస్తువులు పంచిపెడుతున్నా, తాను భారమయ్యానని అంటున్నా అతనిని ఒంటరిగా వదలక వెంటనే వార్డెన్‌కు తెలియజేయాలి. రహస్యం దాచిపెట్టమని అతడు కోరినా సరే.

చదువు, ఉద్యోగం

ఉస్మానియా విద్యార్థి దినచర్యలో గ్రంథాలయం, చెట్ల నీడ రెండూ ఉంటాయి. ఉదయాన్నే ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో పుస్తకాలు పట్టుకొని నడుస్తూ చదివేవారు, చోటు కోసం పఠన మందిరం ముందు వేచి ఉండేవారు నిత్యం కనిపిస్తారు. 1969లోను, 2009 తరువాతను తెలంగాణ ఉద్యమానికి ముందునిలిచిన ప్రాంగణమిది. ఆ తరాల విద్యార్థులు ఆశించినది ఉద్యోగాలనే గనుక, పోటీ పరీక్షల తయారీ నేటికీ ఇక్కడి జీవనంలో ప్రధాన భాగమైనది. సొంత పాఠ్యాంశాన్ని పూర్తిగా పక్కనపెట్టి కేవలం పోటీ పరీక్షల పుస్తకాలకే పరిమితమైన విద్యార్థి, హాజరును, ఉపకార వేతనాన్ని కోల్పోయే ప్రమాదం ఉన్నది.

కోర్సు ముగిసినప్పుడు విద్యార్థి నో డ్యూస్ పత్రం పట్టుకొని తన శాఖ, గ్రంథాలయం, వసతి గృహ కార్యాలయం తిరిగి సంతకాలు సేకరించాలి. గ్రంథాలయ పుస్తకం పోయినచో, చివరి రోజు వరకు ఆగక ముందుగానే తెలియజేసి దాని విలువ చెల్లించడం మేలు. వసతి గృహంలో చేరినప్పుడు కట్టిన కాషన్ డిపాజిట్ రసీదు చూపినవారికి బాకీలు మినహాయించి మిగిలిన సొమ్ము తిరిగి ఇస్తారు. ఆ రసీదును రెండేళ్లూ భద్రపరచుకోవాలి.