వెంకటగిరి నుంచి వచ్చిన గొంతు

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు చరిత్ర గూర్చి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. చెంగాళమ్మ గుడి గూర్చి, పులికాట్ ఉప్పు గూర్చి, షార్ వచ్చిన కొత్తల్లో మన ఊరి అద్దెలు పెరిగిన వైనం గూర్చి మిత్రులు లోగడ వ్రాసే ఉన్నారు. అందుచేత నేను ఒక గాయని గూర్చి వ్రాయదలచాను. మన మనుమరాళ్లు టీవీలో చూసి 'పాప్ సింగర్' అంటుంటారే, మన చిన్నతనంలో ఆ మాట లేదు గాని ఆ వైభోగం లేకపోలేదు. అది అనుభవించిన తొలి తెలుగు ఆడపిల్లల్లో ఒకరు మన పక్క ఊరివారే. ఆమె శ్రీమతి రావు బాలసరస్వతీదేవి గారు.

సూళ్లూరుపేటలో బస్సెక్కి నాయుడుపేట మీదుగా పోతే వెంకటగిరి. జరీ చీరలకూ, జమీందారీకీ పేరుపడ్డ ఊరు. 1928లో ఆమె అక్కడ పుట్టారు. ఆరేళ్ల వయసుకే హెచ్.ఎం.వి. కంపెనీ ఆమె చేత సోలో రికార్డు పాడించింది. ఆనాటి రికార్డింగు అంటే ఈనాటిలా తప్పు పోయినచోట మాత్రమే మళ్లీ పాడి అతికించే పని కాదు. మైనపు పళ్లెం తిరుగుతుండగా మూడు నిమిషాల చిల్లర పాట ఏకబిగిన పాడాలి. దగ్గు వచ్చినా, తాళం తప్పినా ఆ మైనం వృథా, పాట మొదటికి. బడిలో పలక పట్టుకోవలసిన పిల్ల ఆ పని చేసింది.

ఆ రికార్డులే ఆమెను సినిమాకు చేర్చాయి. 1936లో సి.పుల్లయ్యగారు పిల్లలనే పాత్రధారులుగా పెట్టి కలకత్తాలో 'సతీ అనసూయ' తీశారు. అందులో ఆమె గంగ. అనసూయ వేషం వేసిన అమ్మాయి సి.కృష్ణవేణి. ఈ పేరు పాఠకులు కొంచెం గుర్తు పెట్టుకోవాలి, మళ్లీ దీనితో పని ఉంది. తరువాత మద్రాసులో తమిళ చిత్రాలు: 'బాలయోగిని', ఆ పైన త్యాగరాజ భాగవతార్‌తో 'తిరునీలకంఠర్'. అప్పటికి ఆమెకు పదకొండేళ్లు. చిన్నతనాన అంటుకున్న 'బాల' అనే మాట తొంభై ఏడేళ్లు నిండినా ఆమె పేరులో నుంచి పోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అంతకు ముందు మన ఆడవారిలో పేరున్న గొంతులన్నీ నాటకాల గొంతులే. ఆఖరి బెంచీకి వినబడేటట్టు ఎత్తుకుని పాడాలి. మైకు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. చెవి దగ్గర మాట్లాడినట్టు పాడినా చాలు. బాలసరస్వతి గారిది సరిగ్గా మైకు కోసం పుట్టిన గొంతు; మెత్తన, చల్లన. 1938 జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం మొదలైనప్పుడు ఆ గొంతు సిద్ధంగా ఉంది. సాలూరి రాజేశ్వరరావు గారితో కలిసి ఆమె ఇచ్చిన లలితగీతాల రికార్డులు తెలుగువారి ఇళ్లలో అరిగిపోయేదాకా తిరిగాయి. 1940లో 'ఇల్లాలు'లో ఇద్దరూ కలిసి నటించారు కూడా. విజయవాడ కేంద్రం 1948 దాకా రాలేదు గనుక, అంతవరకు ఆంధ్రదేశం మొత్తానికి రేడియో అంటే మద్రాసే. మనకా బాధ లేదు లెండి, మద్రాసు మన గుమ్మం ముందరే. నా చిన్నప్పుడు పంచాయతీ రేడియో కింద చేరి విన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

1943లో నాగయ్యగారు నిర్మించిన 'భాగ్యలక్ష్మి'లో కమలా కోట్నీస్‌కు ఆమె పాట ఇచ్చారు. అంతకుముందు ఎవరి పాట వారే పాడుకోవలసిందే. రూపమున్న చోట గాత్రం లేక నిర్మాతలు తంటాలు పడేవారు. తెలుగులో తొలి నేపథ్య గాయని అన్న గౌరవం ఆమెకు అలా దక్కింది. అప్పటికి పదిహేనేళ్లు.

మరుసటి యేడు, 1944లో, తూర్పు గోదావరిలోని కోలంక జమీందారు గారితో వివాహమైంది. నటన ఆగిపోయింది. పాట కొన్నాళ్లు సాగింది. 1950లో 'స్వప్నసుందరి'కి పాడారు. 1953లో వచ్చిన 'దేవదాసు'లో చంద్రముఖికి సుబ్బరామన్ గారు ఆమె గొంతే వాడారు. జమీందారు గారి భార్య వేశ్య పాత్రకు పాట పాడటమా అని ఆనాటి పెద్దింటివారు కొందరు నొసలు చిట్లించే ఉంటారని నా ఊహ. క్రమంగా అదీ తగ్గిపోయింది. భర్తగారికి ఇష్టం లేక మానుకున్నానని ఆమే తరువాతి కాలంలో చెప్పుకున్నారు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి గాని ఇంటి కట్టుబాట్లకు ఏ చట్టమూ లేదు గదా. గాయకులకు గొంతు పండే వయసు ముప్ఫై నుంచి యాభై. ఆమె విషయంలో ఆ ఇరవై ఏళ్ల రికార్డులు దాదాపు లేవు. లీల, జిక్కీ, సుశీల గార్లు ఆ స్థలం నింపారు. చక్కగా నింపారు, కాదనను. కాని అది మరో గొంతు.

ఇప్పుడు కృష్ణవేణి గారి సంగతి. ఆమె కూడా జమీందారునే చేసుకున్నారు. అయితే ఆ మీర్జాపురం రాజావారికి సొంత స్టూడియో ఉంది, శోభనాచల. సొంత సంస్థలోనైనా ఆమె నటించారు, పాడారు. 1949లో 'మనదేశం' నిర్మించి రామారావు గారిని తెరకు పరిచయం చేశారు. ఒకే సినిమాలో వేషాలు కట్టిన ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ రాజుల సంబంధాలే. తేడా అంతా మగవారి అభిరుచిలో ఉంది. అంటే ఆడపిల్ల విద్యకు పూచీ ఆమె విద్య కాదు, మొగుడి ఇష్టం!

దీన్ని పెద్దింటి వ్యవహారమని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. మా పెద్దమ్మ కూతురు, మేమంతా అక్కయ్యా అని పిలిచేవాళ్లం, ఆ పంచాయతీ రేడియో పాటలన్నీ హార్మోనియం మీద పలికించేది. పెళ్లయ్యాక అత్తవారింట పెట్టె తెరవనివ్వలేదు. డెబ్బై దాటాక మనుమరాలు టీవీ పోటీకి పోతూ ఒక పాత పాట నేర్పమంటే, పల్లవి దాటి చరణం గుర్తురాక అక్కయ్య వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడు ఆమె ముఖం చూసినవాణ్ణి నేను.

బాలసరస్వతి గారు 1979లో విజయనిర్మల గారి 'సంఘం చెక్కిన శిల్పాలు' కోసం రమేష్‌నాయుడు గారి సంగీతంలో మళ్లీ పాడారు. వయసు తెలుస్తుంది, మార్దవం మాత్రం తగ్గలేదు. 2025 ఫిబ్రవరిలో కృష్ణవేణి గారు, అదే సంవత్సరం అక్టోబరు 15న హైదరాబాదులో బాలసరస్వతి గారు కన్నుమూశారు.

ఆమె పాత రికార్డులు మన సభ్యుల ఇళ్లలో అటకల మీద ఎక్కడైనా ఉంటే దయచేసి పారవేయవద్దు, కాగితాలవాడికి తూకానికి ఇవ్వవద్దు. సంఘం ఆఫీసుకు తెస్తే నెలవారీ సమావేశంలో అందరం విందాము. మా ఇంట్లోని గ్రామఫోను పెట్టె ఇంకా పనిచేస్తున్నది. ముల్లు మాత్రం ఎవరైనా మద్రాసు వెళ్లినప్పుడు తీసుకురావాలి.